మాదరి భాగయ్య పేరు కథ

 

మన విహారాల్లో, సంఘ భవనాల్లో గోడ మీద వరసగా పటాలు ఉంటాయి. తథాగతుడు, ఫూలే దంపతులు, బాబాసాహెబ్, పెరియార్. హైదరాబాదు చుట్టుపక్కల అయితే ఆ వరసలో ఇంకో పటం కూడా కనబడుతుంది. దాని కింద భాగ్యరెడ్డి వర్మ అని రాసి ఉంటుంది. కొత్తగా వచ్చే పిల్లలు ఆ పేరు చదివి తికమక పడతారు. రెడ్డి అని ఉంది, చివర వర్మ అని కూడా ఉంది, మరి ఈయన మనవాడు ఎట్లా అయ్యాడు అని అడుగుతారు. అడగడం మంచిదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆయన జీవితమంతా చెప్పాల్సి వస్తుంది. ఆయన జీవితంలో సగం పోరాటం పేర్ల మీదే నడిచింది మరి.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. ఇంటిపేరు మాదరి. పెట్టిన పేరు భాగయ్య. బీద ఇల్లు. చిన్న వయసులోనే ఒక క్రైస్తవ న్యాయవాది ఇంట్లో పనికి కుదిరారు. పనికి కుదిరిన ఇంట్లో పుస్తకాలు, పత్రికలు ఉండటం ఆయన అదృష్టం. ఆ తర్వాత విద్యుత్ శాఖలో ఉద్యోగం చేశారు. చదువు బడిలో కంటే బయటే ఎక్కువ నేర్చారు. ఇక్కడిదాకా చెబితే ఆ కాలంలో పట్నం వచ్చి బతికిన వందల మంది మన పెద్దల కథే ఇది.

ఇప్పుడు పేరు దగ్గరికి వద్దాం. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకంలో పేర్లకు ఒక చట్టం ఉంది. బ్రాహ్మణుడి పేరులో మంగళం ఉండాలి, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం. శూద్రుడి పేరు మాత్రం ఏవగింపు పుట్టించేలా ఉండాలి. మరుసటి శ్లోకంలో శూద్రుడి పేరులో ఊడిగం తెలియాలని కూడా రాసుకున్నారు. బిడ్డ కళ్ళు తెరిచి పట్టుమని పది రోజులు కాకముందే వాడి తలరాత పేరులో రాసిపెట్టారన్నమాట. శూద్రుడికే ఈ గతి అయితే, వాడి కంటే కింద నిలబెట్టిన మనకు ఆ పుస్తకంలో పేరు గురించి ఆలోచించాల్సిన అవసరమే వాళ్ళకు కనబడలేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్లన్నీ ఎవరో మనల్ని కించపరచడానికి పెట్టినవి కావు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ బిడ్డయినా బతకాలని తల్లులు పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పుల్లి విస్తరాకులో పెట్టి ఆ పేర్లు పెట్టుకున్నారు. అది మూఢనమ్మకమే గానీ, దాని వెనుక ఉన్నది తల్లి భయం. అన్ని కులాల్లోనూ ఆ పేర్లు ఉన్నాయి. కాబట్టి వినడానికి మొరటుగా ఉన్న ప్రతి పేరునీ అవమానం అనుకోవద్దు.

అసలు అవమానం పేరులో కాదు, పిలుపులో ఉండేది. భాగయ్య అనే పేరునే చూడండి. చివర అయ్య ఉంది. అది గౌరవం. కానీ దొర ముందు, పట్వారీ ముందు మనవాడి పేరుకు ఆ అయ్య మిగిలేదా? అరవై ఏళ్ళ ముసలాయనను పదేళ్ళ దొరగారి కొడుకు అయ్య తీసేసి, చివర గాడు తగిలించి, ఒరేయ్ అని పిలిచేవాడు. ముసలాయన బాంచెన్ అని పలికేవాడు. మీ తాతను అడగండి, లేకపోతే తాతను ఎరిగినవాళ్ళను అడగండి. తల్లి ఎంత మంచి పేరు పెట్టినా వాకిట్లో అడుగు పెట్టేసరికి సగం తెగిపోయేది. పేరు మనదే, దాన్ని ఎంత పలకాలో నిర్ణయించేది ఇంకొకడు.

ఇలాంటి రోజుల్లో ఆ కుటుంబానికి గురువుగా ఉన్న ఆయన కుర్రవాడి పేరు మార్చి భాగ్యరెడ్డి అన్నారు. ఆయన చెప్పిన కారణం ఇది: అంటరానివాళ్ళు అని ఇప్పుడు పిలవబడేవాళ్ళు ఈ నేలకు మొదటి వారసులు, ఆర్యులు రాకముందు ఏలినవాళ్ళు, రేడు అంటే రాజు, రెడ్డి అనే మాట దాని నుంచే వచ్చింది, కాబట్టి ఆ మాట మీద మొదటి హక్కు మీదే. ఆ వ్యుత్పత్తి సరైనదా అంటే భాషా పండితులు ఒప్పుకోకపోవచ్చు. శాసనాల్లో ఉన్న రట్టగుడి అనే మాట చూపించి వాళ్ళు వేరే దారి చెబుతారు. ఆ చర్చ పండితులకు వదిలేద్దాం. మనం చూడాల్సింది ఆ పేరు ఏం పని చేసిందో.

ఒక్కసారి ఊహించుకోండి. నిజాం రాజ్యం. రెడ్డి అంటే భూమి, పెత్తనం. ఎదురుగా నిలబడ్డ మాల యువకుడి పేరు అడిగితే భాగ్యరెడ్డి అంటాడు. ఆ పేరును తుంచడం కుదరదు. గాడు తగిలిద్దామంటే రెడ్డి అన్న మాటకే తగులుతుంది, తమ ఊరి రెడ్డికీ తగులుతుంది. పూర్తిగా పిలిస్తే, తాకడానికి కూడా ఇష్టపడని మనిషిని తమ నోటితోనే గౌరవించినట్టు అవుతుంది. పిలవకుండా ఉండలేరు, ఎందుకంటే ఆయన ఊరుకునే మనిషి కాదు, సభలు పెడతాడు, అర్జీలు పెడతాడు. అర్జీ మీద ఆ పేరే ఉంటుంది. జవాబు రాసే గుమాస్తా ఆ పేరే రాయాలి. మామూలు పేరున్న మనిషికి ఈ ఇబ్బందీ లేదు, ఈ బలమూ లేదు.

అయితే పేరు ఒక్కటే మనిషిని నిలబెట్టదు. ఇరవై ఏళ్ళు నిండకముందే, 1906లో, ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. మన వాడల్లో చదువు లేని జనానికి పుస్తకాలు పంచితే ఏం లాభం? హరికథలు చెప్పించి, కథల మధ్యలో శుభ్రత, చదువు, తాగుడు మానడం గురించి చెప్పించారు. 1910లో ఈసామియా బజారులో, లింగంపల్లిలో బడులు తెరిచారు. సర్కారు బడుల్లో ఉర్దూ నడుస్తున్న కాలంలో ఈ బడుల్లో తెలుగు చెప్పారు. క్రమంగా బడులు పాతిక దాకా అయ్యాయి, పిల్లలు రెండు వేలు దాటారు. 1911లో మండలి మన్య సంఘంగా మారింది. చూశారా, సంఘానికి కూడా ఒక పేరు సరిపోక ఇంకో పేరు. మన ఆడపిల్లలను దేవుడి పేరు చెప్పి జోగినులుగా, మురళీలుగా వదలడాన్ని ఆయన గట్టిగా ఎదిరించారు. ఆ దురాచారంలో కూడా పేరు పని ఉందని గమనించండి. చేసేది ఆడపిల్లను ఊరి మగవాళ్ళకు వదలడం, పెట్టిన పేరు దేవుడి పెళ్ళి.

1913లో ఆర్యసమాజం వాళ్ళు ఆయన సేవను మెచ్చుకుని వర్మ అనే బిరుదు ఇచ్చారు. బ్రాహ్మణుడికి శర్మ, క్షత్రియుడికి వర్మ అన్నది పాత లెక్క. ఆ లెక్క ప్రకారం మన భాగయ్యను క్షత్రియుడిని చేశామని వాళ్ళ అభిప్రాయం. దీన్ని మనం ఎలా తీసుకోవాలి? నా మటుకు నాకు ఈ బిరుదు అంత ఆనందం కలిగించదు. రెడ్డి అనే పేరులో ఇది మాది, మా నుంచి పోయింది, తిరిగి తీసుకుంటున్నాం అనే తెగింపు ఉంది. వర్మలో పైవాడు కిందికి వంగి ఇచ్చిన దయ ఉంది. నిచ్చెన అలాగే ఉంచి, ఒక్క మనిషిని ఒక మెట్టు పైకి ఎక్కించడం అది. కానీ ఆ రోజుల్లో ఆయన వద్దనలేదు. అంటరానివాడికి సభల్లో కుర్చీ ఇవ్వని కాలంలో ఆ బిరుదు కొన్ని తలుపులు తెరిచి ఉంటుంది. ఇంకో విశేషం కూడా ఉంది. అదే 1913లో ఆయన హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించారు. ఒక చేత్తో వర్మ అందుకున్న మనిషి రెండో చేత్తో తథాగతుడి వైపు తిరిగాడు. ఒకే సంవత్సరంలో రెండూ! మనిషి మనసు ఒక్క రోజులో తేలిపోయేది కాదు.

ఇక 1917. ఇది నెమ్మదిగా చదవండి.

ఆ సంవత్సరం నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ఒక సభ ఏర్పాటైంది. గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తలు పూనుకుని పెట్టిన సభ. పేరు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. అధ్యక్షత వహించమని హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. మనవాళ్ళు వందల సంఖ్యలో ఊళ్ళోకి వస్తున్నారని తెలిసి కనకదుర్గ గుడి తలుపులు మూడు రోజులు మూసేశారు. మనవాళ్ళు గుడికి వెళ్తామని అనలేదు, సభకు వచ్చారు. అయినా దేవతకు భయం వేసింది కాబోలు!

పంచమ అంటే ఐదో వాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ మాట అప్పటికి సర్కారు కాగితాల్లో కూడా పాతుకుపోయింది. పంచమ బడి, పంచమ వాడ, పంచమ పిల్లలు. పాత తిట్టు పేర్ల కంటే ఇది మర్యాదైన మాట అని మంచి మనసున్న సంస్కర్తలు కూడా అనుకున్నారు. మనవాళ్ళ కోసం పెట్టిన సభకే ఆ పేరు పెట్టారంటే చూడండి. అధ్యక్షుడు లేచి మొట్టమొదట ఆ పేరునే పట్టుకున్నారు. పంచమ అనే మాట పురాణాల్లో గానీ ఇతర హిందూ గ్రంథాల్లో గానీ ఎక్కడుందో చూపమన్నారు. ఐదో వాడని మమ్మల్ని పిలిచే హక్కు ఎవరికీ లేదు, మేం ఈ నేలకు మొదటివాళ్ళం అన్నారు. ఆయన అన్నది వట్టి ఆవేశం కాదు. మనుస్మృతి పదో అధ్యాయం నాలుగో శ్లోకమే వర్ణాలు నాలుగు, ఐదోది లేదు అంటుంది. అంటే వాళ్ళ పుస్తకం ప్రకారమే పంచముడు లేడు. లేని గదిలో కోట్ల మందిని కూర్చోబెట్టి తాళం వేశారు.

సభ ఆయన మాట విన్నది. పంచమ మహాజన సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. పిలిచినవాళ్ళు ఒక పేరుతో పిలిస్తే, వచ్చినవాళ్ళు ఇంకో పేరుతో ఇంటికి వెళ్ళారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా పాత పేర్లు వదిలి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. దాని వెనుక శాసనసభలో ఎం.సి. రాజా గారి కృషి ఉంది, తమిళ సోదరుల కృషి ఉంది, బెజవాడ సభ కృషీ ఉంది. కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ పాత రికార్డుల్లో, కొందరి సర్టిఫికెట్లలో ఆది ఆంధ్ర అని కనబడేది అందుకే. మీ ఇంట్లో అలాంటి కాగితం ఉంటే చించకండి, దాచండి.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. పేరులో ఏముంది, మనసు శుభ్రంగా ఉంటే చాలదా, ధమ్మం చెప్పేది అదే కదా అని. నామసిద్ధి జాతకం అనే కథ ఒకటి ఉంది. జాతక కథలను మనం కథలుగానే చదువుతాం, అలాగే చదవండి. తక్షశిలలో పాపకుడు అనే శిష్యుడు ఉండేవాడు. అందరూ పాపకా రా, పాపకా పో అంటుంటే వాడికి సిగ్గు వేసింది. మంచి పేరు వెతుక్కుని రమ్మని ఆచార్యుడు పంపాడు. దారిలో ఒక శవాన్ని మోసుకుపోతున్నారు, చనిపోయినవాడి పేరు జీవకుడు. ఇంకోచోట ఒక దాసిని యజమానులు తాడుతో కొడుతున్నారు, కూలి డబ్బు తెచ్చి ఇవ్వలేదని. ఆమె పేరు ధనపాలి. అడవిలో ఒకడు దారి తప్పి తిరుగుతున్నాడు, వాడి పేరు పంథకుడు, అంటే దారి ఎరిగినవాడు. పాపకుడు తిరిగి వచ్చి ఉన్న పేరే చాలన్నాడు.

కథ బాగుంది. కానీ మనం ఆ వాకిట్లో ఇంకాసేపు నిలబడాలి. కథ చెప్పినవాడు ధనపాలి పేరును చూసి నవ్వి ముందుకు పోయాడు. ఆమె వీపు మీద తాడును మనం చూడాలి కదా. పైగా పాపకుడి పేరు వాడి తల్లిదండ్రులు పెట్టింది, అది ఒక్క మనిషి పేరు. పంచమ అనేది ఏ తల్లీ పెట్టలేదు. అది కొరడా లాంటి పేరు, కొట్టేవాడి చేతిలో తయారైంది. ఈ తేడా తథాగతుడికి తెలుసు. భిక్షువుల వినయంలో పాచిత్తియ నియమాల్లో రెండోది చూడండి. ఆరుగురు భిక్షువుల గుంపు ఒకటి తోటి భిక్షువులను జాతి పేరుతో, పెట్టిన పేరుతో, గోత్రంతో, పనితో ఎత్తిపొడిచి వెక్కిరించింది. అలా మాట్లాడటం దోషమని నియమం వచ్చింది. ఆ వివరణలో కించపరిచే మాటలు పది రకాలుగా లెక్కపెట్టారు. మొదటిది జాతి, రెండోది పేరు. పేరు వట్టి వాడుక మాటే అని సుత్తాల్లో చెప్పిన ఆయనే, ఆ వాడుక మాటతో ఇంకొకరిని కొట్టకూడదని నియమం పెట్టాడు. ఈ రెండింటికీ పొత్తు కుదరదని మీకు అనిపిస్తోందా? పేరుకు తనంతట తానుగా విలువ లేదు కాబట్టే, దాన్ని బట్టి మనిషిని తక్కువ చేయడం అబద్ధం అవుతుంది. రెండూ ఒకటే మాట.

హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ అనే పేరు పట్టుకున్నారు. సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఉత్తరాదిన స్వామి అఛూతానంద్ కూడా అదే పేరుతో పని చేస్తున్నారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని మనవాళ్ళను ఆది హిందువులు అని రాశారు. గుడిసెలో ఉన్న మనిషి దగ్గరికి లెక్కల గుమాస్తా వచ్చి తిట్టు పేరు బదులు మనం ఎంచుకున్న పేరు రాసుకుని వెళ్ళడం చిన్న విషయం కాదు. అదే ఏడాది భాగ్యనగర్ అనే పత్రిక పెట్టారు. దాని పేరూ తర్వాత ఆది హిందూ అయింది.

కానీ ఒక పేరు అందరికీ సరిపోలేదు. మాదిగ నాయకులు కొందరు అరుంధతీయ అనే పేరుతో విడిగా సంఘం పెట్టుకున్నారు. ఆది హిందూ సంఘంలో మాలల పెత్తనమే ఉందని వాళ్ళ బాధ. ఆ బాధలో నిజం లేదని అనడానికి నాకు నోరు రాదు. పైవాడు పెట్టిన పేరును తీసేయడం ఒక పని, తీసేశాక మన మధ్య ఉన్న గోడలను తీసేయడం ఇంకో పని. మొదటిది ఆయన తరం చేసింది. రెండోది ఇంకా మన వాడల్లోనే ఉంది, మన పెళ్ళి సంబంధాల్లో ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆది అని ముందు పెట్టినా వెనుక హిందూ ఉండిపోయింది. హిందూ అంటే ఈ దేశంలో ఉండేవాడనే అర్థం, మేం ఆదివాసులం, అంతే అని అప్పటివాళ్ళు సమాధానం చెప్పుకున్నారు. ఆ సమాధానం ఎంతకాలం నిలుస్తుంది? 1935 అక్టోబరు 13న యేవలాలో బాబాసాహెబ్ తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. రౌండ్ టేబుల్ సమావేశాల నాడే ఆయన వైపు నిలబడ్డ భాగ్యరెడ్డి వర్మ, యేవలా తర్వాత రెండేళ్ళకు, 1937లో మళ్ళీ బుద్ధ జయంతి జరిపించారు. అప్పటికి ఆరోగ్యం తగ్గుతోంది. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. యాభై ఒకటో ఏట. నాగపూర్ దీక్ష జరిగింది 1956 అక్టోబరు 14న. ఆ రోజుకు ఆయన పోయి పదిహేడేళ్ళు దాటింది. ఉండి ఉంటే ఏం చేసేవారని ఊహించి రాయడం సులువే గానీ, పోయినవాళ్ళ నోట్లో మన మాట పెట్టకూడదు.

దీక్ష తీసుకున్న మనకు కూడా పేరు ప్రశ్న వస్తుంది. మీలో కొందరు పిల్లలకు సిద్ధార్థ, రాహుల్, సుజాత, సంఘమిత్ర అని పెడుతున్నారు. కొందరు తమ పేరునే మార్చుకున్నారు. కొందరు విహారంలో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు. దీన్ని చూసి నవ్వవద్దు. షెడ్యూల్డ్ కులాల జాబితాలో బౌద్ధులను చేర్చింది 1990లో. అంతకుముందు ముప్పై ఏళ్ళకు పైగా బౌద్ధుడినని కాగితం మీద రాస్తే పిల్లల చదువుకు, ఉద్యోగానికి దెబ్బ తగిలేది. సవరణ వచ్చాక కూడా ఆ భయం వెంటనే పోలేదు. మతం కాలమ్ దగ్గర కలం ఆగుతుంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి పాతదే రాయి బాబూ అంటాడు. ఆ కాలమ్ ముందు మీరు ఆగిన క్షణం, బెజవాడ సభలో ఆయన లేచి నిలబడ్డ క్షణం, రెండూ చుట్టాలే.

నదులు సముద్రంలో కలిసాక పాత పేర్లు వదిలేస్తాయని, అలాగే ఏ వర్ణం నుంచి వచ్చినా సంఘంలో చేరాక పాత పేరు, పాత గోత్రం వదిలి శాక్యపుత్రులవుతారని తథాగతుడు బోధించాడు. గంగ, యమున, అచిరావతి, సరభు, మహి అని నదులను పేరుపేరునా చెప్పాడు. సముద్రంలో కలిసేదాకా వాటికి ఆ పేర్లు అవసరమే మరి. భాగయ్య, భాగ్యరెడ్డి, వర్మ, ఆది ఆంధ్ర, ఆది హిందూ. ఆయన దాటిన దారి పొడవునా ఉన్న పేర్లు ఇవి.

ఆయన కుమారుడు పెద్దయ్యాక తండ్రి జీవిత చరిత్ర రాశాడు. ఆ పుస్తకం పేరు భాగ్యోదయం. అట్ట మీద రచయిత పేరు ఎం.బి. గౌతమ్ అని ఉంటుంది. రెడ్డీ లేదు, వర్మా లేదు.